ఇసుక సంచుల కాశ్మీరు ప్రయాణం

రాయమల్లు ట్రయల్ వేయకుండా ఏ పనీ చేసేవాడు కాదు. గోదావరిఖని కార్మికుల క్వార్టర్లలో ఒకడికి కల్లు పిచ్చి ఉంటే ఒకడికి పేకాట పిచ్చి, ఇంకొకడికి యూనియన్ పిచ్చి. రాయమల్లుకు ట్రయల్ పిచ్చి. కొత్త గొడుగు కొంటే వాన వచ్చేదాకా ఆగలేక, వీధి నల్లా కింద దాన్ని పట్టుకుని నిలబడేవాడు. బిందెలతో వరుసలో ఉన్న ఆడవాళ్ళు "జరుగన్నా, జరుగు" అని మొత్తుకుంటుంటే, "జరంత ఆగుండ్రి అక్కా, ఎడమ దిక్కు ఇంకా చూడలే" అని గొడుగు తిప్పేవాడు.

ఈ సంగతి పూలమ్మకు తన పెళ్ళికి ఒకరోజు ముందే తెలిసింది. మర్నాడు విడిది ఇంటి నుంచి పందిరి దాకా బాజాలతో నడవవలసిన పెళ్ళికొడుకు, ముందురోజు మిట్టమధ్యాహ్నం నెత్తికి బాసింగం కట్టుకుని ఒంటరిగా ఆ దారిన వచ్చాడు. పందిరి దగ్గర ఆగకుండా, అవతల ఏముందో చూద్దామని ఇంకో నాలుగడుగులు వేశాడు. పూలమ్మ తండ్రి చూసి "పిలగాడు ఉరుకుతున్నడు, పట్టుకోండ్రి!" అని కేక పెట్టాడు. మేనమామలు అతన్ని అమాంతం ఎత్తుకొచ్చి మంచం మీద పడేసి, ముహూర్తం దాకా చుట్టూ కావలి కూర్చున్నారు.

"ఉరుకలే మామా, ట్రయల్ ఏసిన" అన్నాడు రాయమల్లు పడుకున్న చోటు నుంచే. "తొవ్వల ముండ్లకంప ఉన్నది. రెండు కుక్కలు గూడ ఉన్నయి. రేపు సన్నాయోడు ఎనుకకు నడుసుకుంట ఊదుతడు గదా, ఏమన్న అయితే?"

ముళ్ళకంప తీయించారు. కుక్కల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు ఒక కుక్క సన్నాయివాడి పిక్క పట్టుకుంది. అప్పుడు బాసింగం కింద నుంచి రాయమల్లు మామ వైపు చూసిన చూపు పూలమ్మ జన్మలో మరచిపోలేదు.

ఆ పిచ్చికి మూలం బాయి. అక్కడ బొగ్గు గనిని అందరూ బాయి అనే అంటారు. కుర్రతనంలో రాయమల్లు బెల్లంపల్లిలో ఒక నిలువు బాయి మీద, ఇంజన్ డ్రైవరుకు చేయందించే పనిలో చేరాడు. ఆ ఇంజన్ తాడుకు వేలాడే ఇనుప బోనులో నిలబడి మనుషులు లోపలికి దిగేవాళ్ళు. షిఫ్టు మొదట్లో ఆ బోనును ఖాళీగా ఒకసారి దించి పైకి లాగాలి. అది క్షేమంగా వస్తేనే మనిషి అందులో కాలు పెట్టాలి. ముసలి డ్రైవరు నేర్పిన ఈ నియమానికి రాయమల్లు తన సొంత తెలివి కొంత చేర్చి మంత్రం చేసుకున్నాడు: "మొదాలు ఉత్తది పోవాలె, ఎనుక బరువు పోవాలె, ఆఖరికి మనిషి పోవాలె." అరవైల్లో గోదావరిఖనిలో కొత్త బాయిలు పడినప్పుడు బదిలీ మీద వచ్చి, బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజన్ మీద తానే డ్రైవరయ్యాడు. మంత్రం మారలేదు. బాయి దొరలు కూడా మెచ్చుకునేవాళ్ళు. చిక్కల్లా ఏమిటంటే, రాయమల్లు డ్యూటీ దిగేవాడు గాని ఇంజన్ దిగేవాడు కాదు.

కూతురు సారలమ్మ పురిటికి వచ్చినప్పుడు దవాఖానకు ట్రయల్ వేశాడు. మొదట రిక్షా ఉత్తదే పోయి వచ్చింది. తర్వాత బరువు పోవాలి గనక పూలమ్మను ఎక్కించాడు.

"జర మూలుగవే. నువ్వు మూలుగకుంటే రిక్షావోనికి జల్ది తొక్కాలని ఎట్ల తెలుస్తది?"

"ఏందయ్యా నీ బాధ! ఈ వయసుల నాకు పురుడా?"

రాళ్ళ రోడ్డు మీద రిక్షా ఎగిరెగిరి పడేసరికి పూలమ్మకు మూలుగు దానంతటదే వచ్చింది. దవాఖాన మెట్ల దగ్గర కొత్తగా వచ్చిన నర్సు ఆ మూలుగు విని, ఇద్దరు ఆయాలను పిలిచి, పూలమ్మను లోపలికి మోయించింది. రాయమల్లు వెనకాల సైకిలు మీద వచ్చి చేరేసరికి పెళ్ళాం మంచం మీద ఉంది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూస్తోంది. పురుడు లేదని తేలింది గాని ఒంట్లో రక్తం తక్కువగా ఉందని కూడా తేలింది. టానిక్ సీసా చేతికిచ్చి పంపారు. దారి పొడవునా రాయమల్లు మాట ఒక్కటే: "ట్రయల్ ఏయకుంటే గీ సంగతి తెలిసేదా?"

ఇలాంటి మనిషి ఇంట్లోకి కాశ్మీరు ప్రవేశించింది.

పక్క క్వార్టరు యోబు టైమాఫీసులో గుమాస్తా. అతని తమ్ముడు సామ్యేల్ మిలిటరీ దవాఖానలో కంపౌండరు. డెబ్బై ఆరు ఎండాకాలంలో సెలవు మీద వచ్చి, సాయంత్రం పూట అన్న ఇంటి ముందు కూర్చుని, తాను చూసిన కాశ్మీరు ముచ్చట్లు చెప్పాడు. కొండల మీద మంచు, కొండల కింద చెరువు, చెరువు మీద పడవ ఇళ్ళు. రాయమల్లు తల్లి ఐలవ్వ చుట్ట ఆర్పేసి మరీ వింది.

"ఇల్లు నీళ్ళ మీద ఉంటదా బిడ్డా? మరి పొయ్యి?"

"పొయ్యి గూడ అండ్లనే అవ్వా. మంచాలు, కుర్సీలు, అన్నీ అండ్లనే."

"మరి కోళ్ళు?"

అవతలి క్వార్టరు సారవ్వ నవ్వింది. "కోళ్ళ సంగతి నీకెందుకు ముసల్దానా? నువ్వేమన్న పోయేదున్నదా?"

"ఎందుకు పోను?" అని లేచింది ఐలవ్వ. "నా కొడుకు ఇంజన్ డ్రైవరు. కాశ్మీరు పోత, పడవ ఇంట్ల పండుకుంట, నీళ్ళ మీద గురక పెడత. నువ్వు ఈన్నే నల్లా కాడ నిలబడు."

పొద్దుగూకేలోపు ఆ మాట క్వార్టర్ల లైనంతా పాకింది. అయితే అది అందరికంటే లోతుగా దిగింది పూలమ్మలో. ఆమె బెల్లంపల్లి చూసింది, వేములవాడ చూసింది, ఒక పుష్కరానికి కాళేశ్వరం చూసింది. అంతే. సెలవు పెట్టి దూరపు ఊరు చూసి వస్తే రైలు చార్జీలు ఇచ్చే సౌకర్యం ఇప్పుడుందని యోబు చెప్పాడు. అల్లుడు ఎల్లేశం కూడా బాయిలోనే, ఫిట్టరు, కాబట్టి అతనికీ వర్తిస్తుంది. కాకపోతే వచ్చే మార్చి దాటకుండా బయలుదేరాలి. మార్చి దాటితే ఎల్లేశానికి కొత్తగూడెం బదిలీ తప్పదు. సారలమ్మా చంటిదీ అతని వెంట పోతారు. ఐలవ్వ వయసు ఎవరి కోసమూ ఆగదు. ముసలవ్వ, కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ, ఒడిలో మునిమనవరాలు. నాలుగు తరాలు ఒక్క పడవలో కూర్చోవడం ఈ మార్చిలోపు జరగకపోతే ఇక జరగదు. పూలమ్మ జీవితంలో గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

"ఏమంటవయ్యా?" అని అడిగింది మొగుణ్ణి.

రాయమల్లు మీసం దువ్వుకున్నాడు. "పోదాం. గాని ట్రయల్ ఏయాలె."

పూలమ్మ తల కొట్టుకుంది.

మొదట చలికి ట్రయల్ వేశాడు, అదీ మే నెలలో. ఆ నెలలో గోదావరిఖనిలో కాకులు కూడా నోరు తెరుచుకునే కూర్చుంటాయి. యోబు భార్య సుగుణమణి చేత ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు అల్లించాడు. వాటిని ఒకరోజంతా ఉత్తవే దండెం మీద వేలాడదీశాడు. మర్నాడు మధ్యాహ్నం అందరికీ తొడిగించి, పైన గొంగళ్ళు కప్పించి, వరుసగా అరుగు మీద కూర్చోబెట్టాడు.

"మామా, కండ్లు తిరుగుతున్నయి" అన్నాడు ఎల్లేశం కాసేపటికి.

"ఓర్సుకో అల్లుడా. ఆడ ఇంతకంటే కష్టముంటది."

ఎల్లేశం ఓర్చుకున్నాడు. ఓర్చుకుంటూనే పక్కకు ఒరిగిపోయాడు. ముఖం మీద నీళ్ళు చల్లి లేపారు. కాశ్మీరులో ఉండేది చలి గాని ఉడుకు కాదని సామ్యేల్ నెమ్మదిగా వివరించాడు. "గట్లనా" అని ఆలోచనలో పడ్డాడు రాయమల్లు. మరుసటి ఆదివారం ఐసు దిమ్మెలు తోపుడు బండి మీద వచ్చాయి. వాటిని గది నడుమ పేర్చి, తలుపులు మూసి, చుట్టూ కుటుంబాన్ని కూర్చోబెట్టాడు.

ఈ ట్రయల్ మాత్రం అందరికీ నచ్చింది. లైనులోని ఆడవాళ్ళంతా పిల్లల్నీ, చాటల్లో బియ్యాన్నీ తీసుకుని వచ్చి చేరారు. "కాశ్మీరు ఇంత మంచిగుంటదని తెల్వకపాయె" అనుకున్నారు. ఐలవ్వ గోడకు ఆనుకుని హాయిగా నిద్రపోయింది. సాయంత్రానికి కాశ్మీరంతా కరిగి, గడప దాటి, పక్కింట్లోకి వెళ్ళింది. సారవ్వ ఎండబెట్టుకున్న మిరపకాయలు తేలుతూ తలుపు దాకా వచ్చాయి.

"మీరు కాశ్మీరు పోతే పోండ్రి గాని, కాశ్మీరును నా ఇంట్లకు తోలకుండ్రి!" అని అరిచింది సారవ్వ.

వానాకాలం పోయి, గోదావరి తగ్గి, చలి మొదలయ్యాక పడవ ట్రయల్‌కు ముహూర్తం కుదిరింది. ఇప్పటిలా రోడ్డు వంతెన లేని రోజులవి. రేవులో కొమురెల్లి నాటు పడవ నడిపేవాడు. ఐలవ్వ పుట్టిల్లు సరిగ్గా అవతలి ఒడ్డునే ఉంది. చుట్ట కాలేలోపు పడవ దాటుతుంది. కాని ఐలవ్వ పుట్టింటికి పోవాలంటే రైలెక్కి మంచిర్యాలలో దిగి, బస్సెక్కి, పొలాల గట్ల మీద నడిచి, చీకటి పడే వేళకు చేరేది.

"ఈ పడవోని తాత మా నాయినను నలుగురిల తిట్టిండు. వాని పడవల నేను కాలు పెడతనా?" అనేది అడిగినవాళ్ళతో. పౌరుషం గల మనిషని పూలమ్మకు అత్త మీద గౌరవం. ఇప్పుడు కాశ్మీరు కోసం ఆ పగ పక్కన పెట్టవలసి వచ్చిందని జాలి కూడా పడింది.

మొదట ఉత్త పడవ పోయి వచ్చింది. ఆ తర్వాత బరువు. రాయమల్లు ఇంట్లో ప్రతి మనిషినీ బియ్యం దుకాణం కాంటా మీద నిలబెట్టి తూచి, అంతే బరువుకు ఇసుక సంచులు నింపాడు. గుర్తుకు ఒక్కో మూతికి ఒక్కో రంగు గుడ్డ కట్టాడు. చంటిదాని సంచి గుమ్మడికాయంత ఉంది. సారలమ్మ దానికి కుచ్చుల టోపీ పెట్టింది. గొడవ పూలమ్మ సంచి దగ్గర వచ్చింది.

"నా సంచి అల్లుని సంచి కంటే లావున్నదేంది?"

"నాకేమెరుక? కాంటా చెప్పింది."

"కాంటా చెప్తే నువ్వు వినాల్నా? నలుగురు చూసేది కాదా?"

ఆ వారమంతా రాయమల్లుకు ఉప్పు లేని పప్పు దొరికింది.

ఆదివారం కుటుంబమంతా ఒడ్డున కూర్చుంటే సంచులు పడవలో కూర్చున్నాయి. కొమురెల్లి గడకర్ర పట్టుకుని సంచులను ఒక్కొక్కటే చూశాడు. "అన్నా, ఏట్లకెళ్ళి ఇసుక తీసి, ఏటి మీద తిప్పి, మల్ల ఏటి ఒడ్డునే దించుడు మా తాత తరాన గూడ చూడలే."

"నీకేం తెలుస్తది, పోనీయ్. అవ్వ సంచి ముందలికి జరుపు, అవ్వకు గాలి ఆడాలె."

సంచులు అవతలికి పోయి ఇవతలికి వచ్చాయి. రాయమల్లు ఒక్కొక్కదాన్నీ తడిమి, "అవ్వా, నీ సంచి చూడు, చుక్క తడువలే" అని తల్లి చేతికి ముట్టించాడు. మరుసటి ఆదివారం మళ్ళీ పంపాడు. ఆ పై ఆదివారం ఎండ ఎక్కువుందని మళ్ళీ, గాలి తగ్గిందని మళ్ళీ. కొన్నిసార్లు మిగతావి ఒడ్డునే ఉండిపోయి, ఎర్రగుడ్డ కట్టిన ఐలవ్వ సంచి ఒక్కటే పోయి వచ్చేది. ఒకసారి సంతకు పోయే మనిషెవడో చోటు లేక దాని మీద కూర్చున్నాడు. ఒడ్డు మీద ఐలవ్వ దిగ్గున లేచింది.

"ఓరి, ఎవడురా వాడు! నా మీదికెళ్ళి లేవురా!"

రేవులో ఉన్న జనమంతా పగలబడి నవ్వారు. గోదావరిఖనికి ఆ శీతాకాలమంతా అదే వినోదం. కూరగాయల బజారులో పూలమ్మ కనిపిస్తే "వదినా, నువ్వేనా, నీ సంచా?" అని అడిగేవాళ్ళు. పూలమ్మ కూడా నవ్వేది. ఫిబ్రవరి వచ్చాక నవ్వడం మానేసింది.

"అన్నా, తారీకు చెప్పు. సెలవు కాయితం పైకి పంపాలె" అని యోబు రోజూ వచ్చి అడుగుతున్నాడు.

"ఇంకొక్క ట్రయల్ యోబూ."

"నీ ట్రయల్ల తోని మార్చి ఒడిసిపోతది" అంది పూలమ్మ. రాయమల్లు ఎర్రగుడ్డ సంచి మూతి మళ్ళీ బిగించి కట్టాడు.

చివరికి సోమవారం కాగితం పంపకపోతే ఆశ వదులుకోవలసిందేనని యోబు తేల్చాక, ఆ ముందురోజు మనుషుల ట్రయల్ పెట్టాడు. రేవంతా జనం. ఎల్లేశం ఎక్కాడు, చంటిదాన్ని ఎత్తుకుని సారలమ్మ ఎక్కింది, పూలమ్మ ఎక్కింది. రాయమల్లు ఒడ్డున నిలబడి తల్లికి చేయి అందించాడు. ఐలవ్వ ఒక కాలు పడవ అంచు మీద పెట్టింది. రెండో కాలు ఇసుకలోనే ఉంది.

"రా అవ్వా, రా!" అని అందరూ పిలుస్తున్నారు. రెండో కాలు లేవలేదు.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి!" రాయమల్లు ఉన్నట్టుండి కేక పెట్టాడు. "తెడ్డు పగిలింది! ఇయ్యాల బంద్!"

"నా తెడ్డుకేమైందన్నా?" కొమురెల్లి లబోదిబోమన్నాడు. "మొన్ననే చెక్కిన గదా!"

"పగిలిందంటే పగిలింది!"

జనం ఈలలు వేశారు. "రాయమల్లు ట్రయల్‌కు ట్రయల్ ఏస్తుండు" అన్నాడొకడు. పూలమ్మ దిగి తెడ్డు చేతిలోకి తీసుకుంది. నెర్రె కాదు గదా, గీత కూడా లేదు. మొగుణ్ణి నలుగురిలో కడిగేద్దామని తిరిగింది. అప్పుడు ఐలవ్వ ముఖం కనిపించింది. అంత చల్లని పొద్దున ముసలామె కొంగుతో చెమట తుడుచుకుంటోంది. తుడుచుకుంటూనే గట్టిగా అంటోంది: "నేనెక్కుదామనే ఉన్న. వీడే వద్దన్నడు."

"ఔనవ్వా. నాదే తప్పు" అన్నాడు రాయమల్లు.

పూలమ్మ తెడ్డును కొమురెల్లి చేతికి ఇచ్చేసింది.

ఇంటికొచ్చి బొగ్గుల పొయ్యి రాజేస్తూ మెల్లగా అడిగింది. "తెడ్డు మంచిగనే ఉన్నది."

"ఉన్నది."

"మరేందయ్యా?"

రాయమల్లు వాకిలి వైపు చూశాడు. ఐలవ్వ దూరంగా అరుగు మీద సారవ్వతో కాశ్మీరు గొప్పలు చెబుతోంది.

"చిన్నప్పుడు మా అవ్వగారింటికెళ్ళి వస్తుంటే పడవ బోర్ల పడ్డది. నేను అవ్వ సంకల ఉన్న. అవ్వ సచ్చిపోతున్న, సచ్చిపోతున్నని మొత్తుకున్నది. తీరా చూస్తే నీళ్ళు నడుము మందమే. ఒడ్డు మీదోళ్ళు పడి పడి నవ్విండ్రు. అవ్వ వదినెలైతే లగ్గాలల్ల పాట కట్టి పాడిండ్రు. గప్పటి సంది అవ్వ పడవ ఎక్కలే. జడుపని చెప్పుకుంటే మల్ల నవ్వుతరని, పడవోని తాత తిట్టిండని పుట్టిచ్చింది."

"నాకన్న చెప్పొద్దా? ఊరికె ట్రయల్ ట్రయల్ అని ఊరందరిల నవ్వులపాలైతివి!"

"నన్ను చూసి ఎట్లైన నవ్వుతరు గదనే. ఇంకింత నవ్వితే నాకేం పోయింది?" అన్నాడు రాయమల్లు. "సంచి పోయి వచ్చుడు చూసి చూసి జడుపు జరంత తగ్గింది. మొదట్ల అటు దిక్కు చూడకపోయేది. మొన్న సంచి మీద కూసున్నోన్ని తిట్టింది, విన్నవు గదా. ఇంకో రెండు నెల్లుంటే ఎక్కేది."

"రెండు నెల్లు ఏడున్నయి?"

"లేవు. అట్లని బలిమి జేసి ఎక్కిస్తనా? వదిలిపెట్టి పోతనా?"

పూలమ్మ పొయ్యి ఊదడం ఆపింది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని, యోబు ఇంటికి వెళ్ళింది. "అన్నా, నడిమి మార్చి తారీకు ఒకటి రాసి పంపు. మిగిలింది నేను చూసుకుంట."

వచ్చిన ఆదివారం ట్రయల్ పూలమ్మది. రేవులో కొమురెల్లి పడవలో ఐలవ్వ సంచి ఒక్కటే ఎక్కించి, అందరూ వినేలా చెప్పింది.

"కొమురెల్లీ, దీన్ని అవతలి ఒడ్డున మా అత్తమ్మ వదినె ఇంట్ల దించి రా. ఐలవ్వకు తీరిక లేదట, పుట్టింటికి సంచిని తోలిందని చెప్పు. పీట మీద కూసోబెట్టి బొట్టు పెట్టుమను."

ఐలవ్వ నోట్లోంచి చుట్ట నేల మీద పడింది.

"ఏమన్నవే? నా తల్లిగారింటికి నాకంటే ముందుగాల ఇసుక పోతదా? ఇసుకకు బొట్టు పెడ్తరా?"

విసవిసా నడిచి, నీళ్ళలో దిగి, చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా చూడకుండా పడవలోకి ఎక్కి, ఎర్రగుడ్డ సంచి మీద కూర్చుంది. "నడువురా!" అంది కొమురెల్లితో. రాయమల్లు ఏదో అనబోతే పూలమ్మ అతని జబ్బ గిచ్చింది. పడవ కదిలింది. ఐలవ్వ కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులా సంచి చెవులు పట్టుకుంది. నది నడుమకు పోయాక ఒక కన్ను తెరిచింది. అవతలి ఒడ్డు దగ్గర రెండోదీ తెరిచింది.

పొద్దు వాలేవేళ అదే పడవలో తిరిగి వచ్చింది. ఒళ్ళో పెసల మూట, రైక గుడ్డ. ముఖం వెలిగిపోతోంది.

"మా వదినెకు పండ్లన్నీ ఊడినయి" అంది దిగుతూనే. "ఇప్పుడెట్ల నవ్వుతదో చూద్దామని నోరు తెరిపిచ్చి మరీ చూసిన."

అనుకున్న తారీకుకు రామగుండం స్టేషనులో రైలెక్కారు. లైనులోవాళ్ళంతా సాగనంపడానికి వచ్చారు. సారవ్వ మిరపకాయల కోపం మరచి రొట్టెలు కట్టిచ్చింది. ఢిల్లీ, జమ్మూ, అక్కడి నుంచి కొండల మీద బస్సు. నిజమైన చలి తగిలాక ఎల్లేశం తనంతట తానే రెండు స్వెట్టర్లు తొడుక్కుని మామ వైపు భక్తిగా చూశాడు. శ్రీనగరంలో చెరువు ఒడ్డుకు చేరేసరికి ఎదుట తెల్లటి కొండలు, నీళ్ళ మీద వరుసగా పడవ ఇళ్ళు. వాటి దగ్గరికి తీసుకుపోయే చిన్న పడవ మెట్ల దగ్గర ఆగి ఉంది. కాళ్ళ దాకా వేలాడే ఉన్ని చొక్కా వేసుకున్న ముసలి పడవవాడు సామాను సర్దుతున్నాడు.

ఐలవ్వ ఎవరి చేయీ అందుకోకుండా ఎక్కి కూర్చుంది. సారలమ్మ, చంటిది, ఎల్లేశం, పూలమ్మ వరుసగా ఎక్కారు. రాయమల్లు మెట్ల మీదే ఉన్నాడు.

"మీరు పోండ్రి. సామాను ఏమన్న మరిచినమేమో చూసి, ఎనుక పడవల వస్త."

"సామానంత ఈన్నే ఉన్నది మామా" అన్నాడు ఎల్లేశం.

"అయితే కాళ్ళు గుంజుతున్నయి. జర నిలబడి వస్త."

పూలమ్మ అతని ముఖం చూసింది. చలికి ఎర్రబారవలసిన ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. అప్పుడు తట్టిందామెకు. శీతాకాలమంతా, అన్ని ఆదివారాల్లో, సంచుల్నీ మనుషుల్నీ ఎక్కిస్తూ దించుతూ తిరిగిన ఈ మనిషి తాను మాత్రం ఒక్కసారి కూడా పడవలో కాలు పెట్టలేదు. ఆనాడు నీళ్ళలో పడింది తల్లి ఒక్కతే కాదు గదా. సంకలో పిల్లవాడు కూడా పడ్డాడు.

ఐలవ్వకు ఈ లెక్క పూలమ్మ కంటే ముందే తెలిసినట్టుంది. లేచి, మళ్ళీ మెట్ల మీదికి దిగి, కొడుకు మణికట్టు పట్టుకుంది. "రా కొడుకా. నా పక్కకు కూసో. నీళ్ళ దిక్కు చూడకు, నా దిక్కు చూడు" అంటూ, తొలిసారి బడికి తీసుకుపోయినట్టు నడిపించుకొచ్చి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. పడవ కదలగానే రాయమల్లు కళ్ళు మూసుకుని తల్లి గొంగడి కొస పిడికిట్లో బిగించాడు.

"ఓ పడవన్నా, మెల్లగ పోనీయ్. మా పోరడు జడుసుకుంటున్నడు" అంది ఐలవ్వ.

పడవవాడికి తెలుగు రాదు. పూలమ్మ బజారులో నేర్చిన ఉర్దూలో అదే మాట చెప్పింది: "ఆహిస్తా భయ్యా, బచ్చా డర్‌తా."

పడవవాడు తెడ్డు ఆపి చంటిదాని వైపు చూశాడు. అది తల్లి చేతుల్లోంచి సగం బయటికి వేలాడుతూ, రెండు చేతులతో నీళ్ళను కొట్టి కేరింతలు కొడుతోంది. "యే కహాఁ డర్‌తా?" అన్నాడు, ఇదెక్కడ జడుసుకుంటోందని ఆశ్చర్యపోయి.

ఐలవ్వ కాదని తలూపి, నెరిసిన మీసంతో కళ్ళు మూసుకుని కూర్చున్న ఇంజన్ డ్రైవరు నెత్తి మీద చేయి వేసి చూపించింది.

పడవవాడు రాయమల్లును చూశాడు. ఐలవ్వను చూశాడు. నవ్వలేదు. "హాఁ అమ్మా, బచ్చా హై" అని, పిల్లవాడేనని ఒప్పుకుని, అలికిడి కాకుండా తెడ్డును నీళ్ళలోకి దించాడు.